షేర్ల బజారు సమాచారం : ఏ వెబ్‌సైటు దేనికి పనికివస్తుంది?

భీమునిపట్నం : రొయ్యల వర్తకులకు షేర్ల బజారుతో పనిలేదనుకునే రోజులు గతించాయి. 2025 ఏప్రిల్ 2న అమెరికా ప్రభుత్వం మన దేశపు సరుకులపై 26 శాతం సుంకం ప్రకటించింది. ఏప్రిల్ 9న అందులో 10 శాతం మినహా మిగతాది 90 రోజులపాటు వాయిదా వేసింది. ఆగస్టు 7 నుండి 25 శాతం, అదే నెల 27 నుండి మొత్తం 50 శాతం సుంకం అమలుకు తెచ్చింది. ఆ నెలలలో చెరువు గట్టున రొయ్య ధర, బొంబాయిలో రొయ్యల కంపెనీల షేరు ధర ఒకే వార్తకు కదిలాయి.

ఇందులో మన ప్రాంతానికి ఉన్న వాటా స్వల్పం కాదు. 2023-24లో దేశం నుండి 17.81 లక్షల టన్నుల సముద్రోత్పత్తులు, రూ. 60,523 కోట్ల విలువైనవి, ఎగుమతి అయ్యాయి. ఇందులో శీతలీకరించిన రొయ్యల విలువే రూ. 40 వేల కోట్లు. ఆ సరుకు బయలుదేరే ముఖ్యమైన రేవులలో విశాఖపట్నం ఒకటి. ఒకప్పుడు గోగునారను ‘బిమ్లీ జూట్’ పేరుతో విదేశాలకు పంపిన భీమునిపట్నం తీరాన నేడు రొయ్యపిల్లల హేచరీలు నడుస్తున్నాయి.

రైతుకు బయానా ఇచ్చిన వర్తకుడైనా, ఖాతాదారు తరఫున షేర్లు కొనే బ్రోకరైనా, ఇలాంటి సమయంలో సెల్‌ఫోను తీసి చూస్తాడు. అందులో పది యాప్‌లు పది లెక్కలు చూపుతాయి. ఏది నమ్మాలి? సరుకు మచ్చు చూచేటప్పుడు అడిగే ప్రశ్నలనే ఇక్కడా అడగాలి. ఈ లెక్క ఎక్కడి నుండి వచ్చింది? ఎంత ఆలస్యంగా వచ్చింది? దీనిని మనకు ఉచితంగా చూపే వారికి డబ్బు ఎవరు ఇస్తున్నారు? ఈ మూడింటికి జవాబు దొరికితే ఏ వెబ్‌సైటు ఏ పనికో తేలిపోతుంది.

మూలం ఒక్కటే

కంపెనీల గురించి వెబ్‌సైట్లు చూపే లాభనష్టాల లెక్కలన్నిటికీ మూలం ఒక్కటే. కంపెనీ స్వయంగా స్టాక్ ఎక్స్ఛేంజికి దాఖలు చేసే పత్రమే ఆ మూలం. ఈ పత్రాలు బి.ఎస్.ఇ., ఎన్.ఎస్.ఇ. వెబ్‌సైట్లలో కంపెనీ పేరు కింద ‘కార్పొరేట్ ప్రకటనలు’ అనే విభాగంలో ఉచితంగా లభిస్తాయి.

వీటి గడువును సెబి 2015 నాటి నిబంధనలలోనూ, తరువాతి సవరణలలోనూ నిర్ణయించింది. డైరెక్టర్ల సమావేశంలో తీసుకున్న ముఖ్య నిర్ణయాలను సమావేశం ముగిసిన 30 నిమిషాలలో తెలపాలి. బజారు వేళ దాటిన తరువాత సమావేశం ముగిస్తే 3 గంటల వ్యవధి ఉన్నది. కంపెనీలోనే పుట్టిన ఇతర ముఖ్య విషయాలకు 12 గంటలు, బయటి నుండి వచ్చిపడిన వాటికి 24 గంటలు గడువు. త్రైమాసిక ఫలితాలు 45 రోజులలోను, సంవత్సరాంత ఫలితాలు 60 రోజులలోను, వాటాదారుల వివరాలు త్రైమాసికం ముగిసిన 21 రోజులలోను రావాలి.

కనుక ‘ఫలానా కంపెనీకి పెద్ద ఆర్డరు వచ్చిందట’ అనే కబురు వాట్సాప్‌లో తిరుగుతుంటే, మొదట చూడవలసిన చోటు ఎక్స్ఛేంజి వెబ్‌సైటే. అక్కడ కనపడనిది అబద్ధమని కాదు. రూఢి కాలేదని మాత్రమే. రూఢి కాని కబురు మీద బేరం చేసేవారు ఆ సంగతి తెలిసి చేయాలి.

జల్లెడ పట్టే వెబ్‌సైట్లు

ఒక్క కంపెనీ పదేళ్ల లెక్కలు చూడాలంటే ఎక్స్ఛేంజి పత్రాలను ఒక్కొక్కటే తెరవడం శ్రమ. ఆ పనిని స్క్రీనర్, ట్రెండ్‌లైన్, టికర్‌టేప్ వంటివి తేలిక చేశాయి. అమ్మకాలు, లాభం, అప్పు, రాబడి శాతం వగైరాలు ఒకే పుటలో పేర్చి ఇస్తాయి. అప్పు తక్కువగా ఉండి, లాభం పెరుగుతున్న కంపెనీలను వేలాది పేర్ల నుండి జల్లెడ పట్టి చూపుతాయి. చాలావరకు ఉచితం, అదనపు సౌకర్యాలకు చందా ఉన్నది.

ఇక్కడ జాగ్రత్త పడవలసినవి మూడు ఉన్నవి. మొదటిది, స్టాండలోన్ లెక్కకు, కన్సాలిడేటెడ్ లెక్కకు గల తేడా. విశాఖపట్నంలో రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న అవంతి ఫీడ్స్‌నే తీసుకోండి. రొయ్యల మేత వ్యాపారం మాతృసంస్థ పేర ఉన్నది. రొయ్యలను శుద్ధి చేసి ఎగుమతి చేసే పని అవంతి ఫ్రోజెన్ ఫుడ్స్ అనే అనుబంధ కంపెనీది. అందులో అవంతి ఫీడ్స్ వాటా 60 శాతం, థాయ్ యూనియన్ వాటా 40 శాతం. అమెరికా సుంకం నేరుగా తగిలేది ఎగుమతి చేసే కంపెనీకి. స్టాండలోన్ లెక్క చూచినవారికి ఆ దెబ్బ కనపడదు. కన్సాలిడేటెడ్ లెక్క చూచినవారు కూడా అనుబంధ కంపెనీ లాభంలో 40 శాతం ఇతరులదని గుర్తుంచుకోవాలి. కొన్ని వెబ్‌సైట్లు ఒక లెక్కను, కొన్ని మరొక లెక్కను ముందు చూపడం వల్లనే ఒకే కంపెనీకి రెండు లాభాలు కనపడుతుంటాయి.

రెండవది, షేరు విభజన, బోనసు. 2018లో అవంతి ఫీడ్స్ రూ. 2 ముఖవిలువ గల షేరును రూ. 1 షేర్లు రెండుగా విభజించి, ప్రతి రెండు షేర్లకు ఒక బోనసు షేరు ఇచ్చింది. అంటే పాత షేరు ఒకటి మూడు అయింది. పాత ధరలను సవరించని చోట షేరు ఒక్కరోజులో మూడోవంతుకు పడినట్లు కనపడుతుంది. నిజానికి వాటాదారుకు పోయినది ఏమీ లేదు.

మూడవది, పి.ఇ. అనే ధర-లాభాల నిష్పత్తి. ఉదాహరణకు షేరు ధర రూ. 600, షేరుకు వార్షిక లాభం రూ. 30 అనుకుంటే, ధర 20 రెట్లు ఉన్నట్లు లెక్క. ఆ 30 రూపాయలలో 10 రూపాయలు స్థలం అమ్మగా ఒక్కసారికి వచ్చినవైతే, అసలు వ్యాపారం మీద ధర 30 రెట్లు. జల్లెడ ఈ తేడా దానంతటది చెప్పదు. ఫలితాల కింద ఉండే వివరణ చదివినవారికే తెలుస్తుంది.

వార్తల విషయం

మనీకంట్రోల్, ఎకనామిక్ టైమ్స్, బిజినెస్ లైన్, బిజినెస్ స్టాండర్డ్ వంటివి వార్తకు, వ్యాఖ్యకు పనికివస్తాయి. వార్త ఎందుకు ముఖ్యమో విడమరచి చెప్పేది ఇవే. అయితే శీర్షిక చూచి బేరం చేయరాదు. యజమాని ఎవరో కూడా ఎరిగి ఉండాలి. మనీకంట్రోల్ నెట్‌వర్క్ 18 సంస్థది. ఆ సంస్థ రిలయన్స్ వర్గానికి చెందినది. దీనివల్ల అందులోని వార్తలు పనికిరావని కాదు. రిలయన్స్ గురించిన వార్తను మరొకచోట కూడా సరిచూచుకోవడం వివేకం.

ఎక్స్ఛేంజిలో దొరకని వార్తలూ ఉన్నవి. విశాఖ ఉక్కు కర్మాగారం ఇందుకు మంచి ఉదాహరణ. 2021 జనవరి 27న దాని ప్రభుత్వ వాటా మొత్తం అమ్మడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదించింది. 2025 జనవరిలో రూ. 11,440 కోట్ల పునరుద్ధరణ సాయం ప్రకటించింది. ఇనుము వర్తకులకు రెండూ ముఖ్యమైన వార్తలే. కాని ఈ కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ షేర్లు బజారులో లేవు. కనుక ఎక్స్ఛేంజి వెబ్‌సైటులో వెదకి లాభం లేదు. కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం ప్రకటనలు, పార్లమెంటు జవాబులు చూడాలి. ఉక్కు కర్మాగారం షేర్లు ఇప్పిస్తామని ఎవరైనా ఫోను చేస్తే, ఆ మాటను అక్కడే ముగించవచ్చు.

విశాఖలోనే కార్యాలయం ఉన్న డ్రెడ్జింగ్ కార్పొరేషన్ సంగతి వేరు. దాని షేర్లు బజారులో ఉన్నవి. 2019 మార్చిలో కేంద్రం తన 73.47 శాతం వాటాను విశాఖపట్నం, పారదీప్, జవహర్‌లాల్ నెహ్రూ, దీన్‌దయాళ్ రేవులకు అమ్మింది. ఆ తరువాత యజమానులెవరో వాటాదారుల పట్టికలో స్పష్టంగా ఉన్నది. ‘ప్రభుత్వ కంపెనీ’ అనే ఒక్క మాటతో సరిపెట్టే వెబ్‌సైట్లలో ఈ తేడా తెలియదు.

ధరలు, గ్రాఫులు

ధరల గ్రాఫులకు ట్రేడింగ్‌వ్యూ, బ్రోకర్ల యాప్‌లు ఉన్నవి. ఉచితంగా చూపే ధర కొన్నిచోట్ల అప్పటికప్పుడు, కొన్నిచోట్ల కొన్ని నిమిషాల ఆలస్యంతో వస్తుంది. రోజువారీ బేరం చేసేవారికి ఆ నిమిషాలే నష్టం తేవచ్చు. ఏడాది దాచుకునేవారికి అది లెక్కలోనిది కాదు.

సరుకుల వర్తకులు మరొకటి గమనించాలి. 2021 డిసెంబరులో సెబి ధాన్యం, గోధుమ, శనగ, పెసర, ఆవాలు, సోయాబీన్, ముడి పామాయిల్ వాయిదా వ్యాపారాన్ని నిలిపివేసింది. వాయిదా ధర లేనిచోట గ్రాఫు ఉండదు. అప్పుడు ఆగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ యార్డుల ధరలు, సరుకు రాకలు చూచుకోవలసిందే.

ఉచిత సలహాలతో ముప్పు

యూట్యూబ్, టెలిగ్రామ్ సలహాలకు ఖరీదు లేదనుకోవడం పొరపాటు. సాధనా బ్రాడ్‌కాస్ట్ అనే కంపెనీ షేరు విషయంలో యూట్యూబ్ వీడియోల ద్వారా తప్పుడు ప్రచారం జరిగిందని, ధర పెరిగాక ప్రచారం వెనుక ఉన్నవారు తమ షేర్లు అమ్ముకున్నారని సెబి 2023 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది. అమ్మినవారికి కొనేవారు కావాలి. ఆ కొనేవారు వీడియోలు చూచిన చిన్న మదుపరులే. సలహా ఇచ్చేవారి రిజిస్ట్రేషన్ నంబరు అడగాలి. పరిశోధకులదైతే ఐ.ఎన్.హెచ్., సలహాదారులదైతే ఐ.ఎన్.ఎ. అక్షరాలతో మొదలవుతుంది. సెబి వెబ్‌సైటులో పేరుతో సహా సరిచూడవచ్చు.

మూలమే కల్తీ అయితే?

ఏ వెబ్‌సైటూ కాపాడలేని సందర్భం ఒకటి ఉన్నది. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కలు కల్పితమని లేఖలో ఒప్పుకున్నారు. పుస్తకాలలో చూపిన రూ. 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలలో రూ. 5,040 కోట్లు లేనివే. షేరు ధర ఆ ఒక్కరోజునే మూడు వంతులకు పైగా కోసుకుపోయింది. మూలమే కల్తీ అయితే దాని నుండి తీసిన పట్టికలన్నీ కల్తీవే. ఆ ఉదంతం తరువాతే ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల వివరాలు వెల్లడించాలని సెబి ఆదేశించింది. నేడు ఆ అంకె ప్రతి వాటాదారుల పట్టికలోను ఉన్నది. లాభం కంటే ముందు దానిని చూడడం మంచిది.

దేనికి డబ్బు పెట్టాలి?

సాధారణ వర్తకునికి ఎక్స్ఛేంజి వెబ్‌సైటు, జల్లెడ పట్టే వెబ్‌సైటు ఒకటి, వార్తలకు పత్రిక ఒకటి చాలు. బ్లూమ్‌బర్గ్ టెర్మినల్ చందా ఏడాదికి ఇరవైవేల డాలర్లకు పైమాటే. అది పెద్ద సంస్థలకు తగినది. వారం వారం ఎదురయ్యే ఒక ప్రశ్నకు ఉచిత వెబ్‌సైట్లలో జవాబు దొరకకుంటే, ఆ జవాబు ఇచ్చేదానికే చందా కట్టాలి. ముందుగా నెల రోజులకు కట్టి, మీకు బాగా తెలిసిన ఒక కంపెనీ లెక్కలను దాని వార్షిక నివేదికతో పోల్చిచూడండి. రోజు చిట్టాను ఆవర్జాతో సరిచూచుకునే వర్తకునికి ఈ పని కొత్త కాదు. లెక్క కుదిరితే చందా కొనసాగించవచ్చు. కుదరకుంటే ఆ డబ్బు సరుకు మీద పెట్టడమే మేలు.