కలిపినా కలవని డీఓపీ

పిల్లల జామెట్రీ బాక్సు వేసవి సెలవుల తర్వాత తెరిస్తే, చెరిపే రబ్బరు ప్లాస్టిక్ స్కేలుకు అతుక్కుపోయి కనిపిస్తుంది. పీకితే స్కేలు మీద ఆ మేర గుంట. సర్టిఫికెట్లు దాచిన ఫైలు ఏళ్ల తర్వాత తీసి చూస్తే జిరాక్సు అక్షరాలు కాగితాన్ని వదిలేసి ప్లాస్టిక్ కవరుకు అంటుకుని ఉంటాయి. జిగురు ఎవరూ పూయలేదు. మెత్తటి ప్లాస్టిక్‌లో దాగిన నూనెలాంటి ద్రవం మెల్లగా పైకి ఊరి పక్కదాన్ని పట్టుకుంది.

ఇలా ఊరే ద్రవాల్లో ఎక్కువ పేరు మోసింది డీఓపీ. ప్లాస్టిక్ వ్యాపారుల నోట వినిపించే పేరు అదే. శాస్త్రవేత్తలు డీఈహెచ్‌పీ అంటారు. థాలేట్లు అనే రసాయనాల కుటుంబానికి చెందింది.

పీవీసీ అనే ప్లాస్టిక్ పుట్టుకతో గట్టిది, పెళుసు. నీళ్ల పైపుకు ఆ గట్టితనమే కావాలి. కరెంటు వైరు తొడుగుకు, రెయిన్‌కోటుకు, రెక్సిన్ సీటుకు, చెప్పు అడుక్కు పనికిరాదు. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రవేత్త పీవీసీని ఆవిరి కాని ద్రావకాల్లో వేడిచేసి, వంగే పదార్థాన్ని సాధించాడు. ఆ తర్వాతి దశాబ్దంలో డీఓపీ రంగంలోకి దిగింది. పీవీసీ గొలుసుల మధ్య దాని అణువులు దూరి వాటిని ఒకదానిమీద ఒకటి జారనిస్తాయి. అంతేగానీ రసాయన బంధం వేసుకోవు. వేడి తగిలినా, నూనో కొవ్వో తగిలినా బయటికి వచ్చేస్తాయి.

ఇదేదో దూరదేశపు సరుకు కాదు. దీని ముడిసరుకుల్లో ఒకటైన 2-ఇథైల్ హెక్సనాల్ విశాఖపట్నంలోని ఆంధ్రా పెట్రోకెమికల్స్‌లోనే తయారవుతుంది.

ఇక అసలు చిక్కు ఆసుపత్రిలో ఉంది. ఒకప్పుడు రక్తాన్ని గాజు సీసాల్లో దాచేవారు. పగిలేవి, మోయడం కష్టం. 1950 ప్రాంతంలో బోస్టన్ వైద్యుడు కార్ల్ వాల్టర్ ప్లాస్టిక్ సంచి రూపొందించాడు. మన దేశంలో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ సొంతంగా సంచి సాంకేతికతను అభివృద్ధి చేసింది. మెత్తటి వైద్య పీవీసీ సంచి బరువులో 20 నుంచి 40 శాతం దాకా డీఓపీయే ఉండొచ్చు. 1970లో జేగర్, రూబిన్ అనే అమెరికన్ పరిశోధకులు ఈ మెత్తనిమందు నిల్వ రక్తంలోకి దిగుతోందని బయటపెట్టారు.

కథ అక్కడితో ఆగితే నిషేధించడం తేలిక. కానీ ఆ దిగిన డీఓపీయే ఎర్రకణాల పొరలోకి చేరి, అవి పగిలిపోకుండా కాపుకాస్తోంది. ఎర్రకణాలను 42 రోజుల పాటు నిల్వ ఉంచగలగడంలో దీని వాటా తక్కువేమీ కాదు. విషం అని ముద్ర వేసినదాన్నే రక్తనిధులు వదులుకోలేకపోవడం వెనకున్న సంగతి ఇది.

అందుకని ప్రమాదం లేదని కాదు. గర్భంతో ఉన్న ఎలుకలకు ఇచ్చినప్పుడు మగ పిల్లల్లో టెస్టోస్టెరాన్ తగ్గింది, జననాంగాల ఎదుగుదల దెబ్బతింది. మనుషుల్లో అంత గట్టి రుజువు లేకపోయినా, సందేహాన్ని బలపరిచే అధ్యయనాలు వచ్చాయి. ఎలుకల కాలేయంలో కణితులు కనబడ్డాయి. ఎలుక కాలేయం స్పందించినట్టు మనిషి కాలేయం స్పందించదన్న వాదనతో 2000లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని అనుమానితుల జాబితా నుంచి తప్పించి, దశాబ్దం తిరగ్గానే మళ్లీ చేర్చింది. ఒంట్లో చేరినదాంట్లో చాలా భాగం ఒక రోజులో మూత్రంలో పోతుంది. అయితే రోజూ తిండితో కొత్తది చేరుతూనే ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టి, ట్యూబుల మధ్యే బతికే మగశిశువుల విషయంలో జాగ్రత్త పడమని, వీలైనచోట వేరే పరికరాలు వాడమని 2002లో అమెరికా ఎఫ్‌డీఏ ఆసుపత్రులకు చెప్పింది. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు పట్టించుకోవలసింది ఆ పసిగుడ్డులనే.

తిండిలోకి ఎలా వస్తుందంటే జపాన్ ఉదంతం చూడాలి. 2000 ప్రాంతంలో అక్కడ రెడీమేడ్ భోజనం డబ్బాల్లో డీఓపీ ఎక్కువగా కనిపించింది. వంటవాళ్ల చేతులకున్న పీవీసీ గ్లోవ్స్ కారణమని తేలింది. పరిశుభ్రత కోసం వాటి మీద ఆల్కహాల్ చల్లేవారు. ఆ ఆల్కహాలే డీఓపీని బయటికి లాగింది. శుభ్రం చేసిన చేతులతోనే అన్నంలో కలిపారన్నమాట! ప్రభుత్వం ఆహార పనుల్లో అలాంటి గ్లోవ్స్ వద్దంది. 2011లో తైవాన్‌లో జరిగింది పొరపాటు కాదు, మోసం. పానీయాలు చిక్కగా కనబడటానికి పామాయిల్ బదులు చౌకగా దీన్నే కలిపారు.

నీళ్లలో ఇది పెద్దగా కరగదు. బురదకు, మురుగు మడ్డికి, ఇంటి దుమ్ముకు పట్టుకుంటుంది. గాలి ఆడేచోట సూక్ష్మజీవులు దీన్ని తినేస్తాయి. గాలి ఆడని అడుగు బురదలో చాన్నాళ్లు ఉంటుంది. దోగాడే పిల్లలు నేల తడిమిన చేతిని నోట్లో పెట్టుకుంటారు కదా, తడిగుడ్డతో తుడవడం అందుకే మేలు. రాగి కోసం పాత వైర్లు తగలబెట్టే చోట్ల పీవీసీ నుంచి డయాక్సిన్లూ పుడతాయి. ఆ పొగ మరో నరకం.

అలాగని అన్ని ప్లాస్టిక్‌లనూ ఒకే గాట కట్టనక్కర్లేదు. వాటర్ బాటిల్‌లోగానీ, హోటల్ సాంబారు కట్టే పాలిథీన్ కవర్లోగానీ డీఓపీ కలపరు. వాటి తంటాలు వేరు. చూసుకోవాల్సింది మెత్తటి పీవీసీని. వస్తువు అడుగున త్రికోణంలో 3 అంకె పీవీసీకి గుర్తు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరైంది. ఆ ప్రమాణాల్లో థాలేట్లకూ లెక్క ఉంది. ఐరోపాలోనైతే పిల్లల బొమ్మల్లో 0.1 శాతం మించకూడదు. పాత పీవీసీని కరిగించి పోసిన చౌక సరుకులో పాత డీఓపీ కూడా కలిసే వస్తుంది, అది ఏ లేబుల్ మీదా ఉండదు.

కాలిఫోర్నియా 2024లో చేసిన చట్టం సెలైన్ సంచుల్లో 2030 నుంచి డీఓపీని నిషేధిస్తోంది. రక్తం సంచులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఐరోపా కూడా వైద్య పరికరాల్లో దీన్ని మానడానికి పెట్టిన గడువును 2030 జులైకి జరిపింది. డీఓపీ బదులు డీఐఎన్‌సీహెచ్, సిట్రేట్ రకాలు వాడిన సంచులు తయారై ఉన్నాయి. వాటిలో ఎర్రకణాలు ఆ 42 రోజులూ పగలకుండా నిలవాలి, రక్తనిధులు అడుగుతున్నది అదొక్కటే.