మీకు తెలుసా? ఎరువు వద్దనే మొక్క
ఆర్మూరు పసుపు చేనుకు ఎంత ఎరువు వేసినా ఇంకా కావాలంటుంది. బటర్‌వర్ట్‌ అనే పురుగులు తినే మొక్క కుండీలో మాత్రం ఎరువు వేస్తే వేర్లు మాడిపోతాయి! దాని తిండి పురుగులే. ఆకు మీది సన్నటి జిగురు చుక్కలకు చిన్న ఈగలు అతుక్కుంటే, ఆకే రసం ఊర్చి అరిగించుకుంటుంది.

మన దేశంలో సహజంగా పెరిగే బటర్‌వర్ట్‌ పింగ్విక్యులా ఆల్పినా. అదీ హిమాలయాల్లోనే. తెలంగాణ తడినేలల్లో కనిపించే డ్రోసెరా అనే మొక్కదీ ఇదే జిగురు విద్య. బటర్‌వర్ట్‌, డ్రోసెరా రకాల మీద చేసిన ప్రయోగాలను చార్లెస్ డార్విన్ 1875లో పుస్తకంగా తెచ్చాడు.

ఇంట్లో పెంచాలంటే మెక్సికో బటర్‌వర్ట్‌ రకాలు మేలు. మన మే నెల ఎండ నేరుగా తగలనివ్వకూడదు, కిటికీ వెలుతురు చాలు.

బోరు నీళ్లలోని లవణాలు దీనికి పడవు. వాన నీళ్లు పట్టి దాచుకోండి, లేదంటే ఏసీ నుంచి కారే నీళ్లు పోయండి. చలికాలంలో ఆకులు చిన్నవైతే బెంగపడకుండా తడి తగ్గించండి.