పసివారి చేత పూలమాల – పెద్దల చేత జాగ్రత్త

వసంతము వచ్చినది. కడియపులంక పూలసంతలో మల్లెలు, కనకాంబరాలు రాశులు పోసి కనిపించును. దోసెడు పూలు తెచ్చి, తడిపిన అరటినారతో పిల్లలచేత మాల కట్టించండి. వ్రేళ్ళకు నేర్పు, మనస్సుకు నిలకడ కలుగును. మోదుగపూలను రాత్రి వేడినీటిలో నానవేసినచో ఉదయమునకు పసుపువన్నె దిగును. ఆ నీటితో కాగితముపై బొమ్మలు వేయించవచ్చును. ఉగాదికి రాలిన వేపపూతను వారిచేతనే ఏరించి, నీడన ఆరబెట్టి చారులో వాడుకొనండి.

అయితే గన్నేరు, పచ్చగన్నేరు పూలను మాత్రము పిల్లల చేతికి ఈయరాదు. గన్నేరును ఆయుర్వేదము ఉపవిషములలో చేర్చినది. ఆకు, పువ్వు, గింజ అన్నియు విషమే. గుండె లయ తప్పును. బిడ్డ పొరపాటున నమిలినచో గృహవైద్యముతో కాలహరణము చేయక, వాంతి చేయింపక, ఆ కొమ్మతో సహా తక్షణము ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఇక్కడ వైద్యునిగా నా సలహా ఇదొక్కటే.