కాలువలు కట్టేసినా... తేనెపిట్టకు విందే!

దాళ్వా కోతలు అయిపోతాయి. కాలువలు కట్టేస్తారు. అంతవరకూ ఇంటి ముందు నిండుగా పారిన పంటకాలువలో బురదే మిగులుతుంది. పెరట్లో గులాబీలు తలలు వేలాడేస్తాయి. ముచ్చటపడి వేయించుకున్న పచ్చిక గోధుమరంగుకు తిరుగుతుంది. అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా ఎండాకాలంలో చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. సరిగ్గా ఆ రోజుల్లోనే... వారానికోసారి చెంబెడు నీళ్లతో సరిపెట్టుకున్న ఓ ఎర్రపూల మొక్క మీద 'చివిక్... చివిక్'మంటూ గుప్పిట్లో ఇమిడిపోయేంత పిట్ట వాలుతుంది. తలకిందులుగా వేలాడుతూ ఒక పువ్వులో ముక్కు పెడుతుంది. మరో పువ్వు మీదికి గెంతుతుంది. చూస్తుండగానే గుత్తి మొత్తం చుట్టేసి తుర్రుమంటుంది. అదే తేనెపిట్ట!

కోనసీమలో నీటికి కరవా అని ఆశ్చర్యపోవచ్చు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న నేల ఇది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఇక్కడి బతుకంతా కాలువలతోనే ముడిపడింది. అవి ఆగిన వారాల్లో ఇంటి అవసరాలకే నీళ్లు చూసుకుని వాడుకోవాలి. ఇక పూలమొక్కలకెక్కడ? సముద్రానికి దగ్గరగా ఉండే సఖినేటిపల్లి, మలికిపురం వైపు ఇంకో చిక్కు. బోరు వేస్తే చాలాచోట్ల పడేది ఉప్పునీరే. అందుకే నీళ్లు అంతగా అడగని, ఏళ్ల తరబడి బతికే పూలమొక్కల అవసరం పచ్చని కోనసీమకూ ఉంది. అవి తేనెపిట్టను కూడా పిలుచుకొస్తే అంతకన్నా ఏం కావాలి!

అమెరికా చుట్టం కాదు

గాల్లో నిలబడి తేనె తాగే హమ్మింగ్ బర్డ్‌ను టీవీలో చూసి, మన దొడ్లోకీ వస్తే బాగుండునని పిల్లలు ముచ్చటపడుతుంటారు. కానీ ఆ పిట్టలు అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా ఉండవు. అక్కడ వాటిలో 300కు పైగా జాతులున్నాయి. ఆసియా, ఆఫ్రికాల్లో ఆ పని చేసేవి తేనెపిట్టలు. రెండింటికీ చుట్టరికం లేదు. చేసే పని ఒకటే కావడంతో సన్నని పొడవాటి ముక్కు, మగపక్షికి తళతళలాడే రంగులు రెండింటికీ వచ్చాయి. తేడా ఒక్కటే. మన పిట్ట ఎక్కువగా కొమ్మ మీద వాలే తేనె తాగుతుంది. కాబట్టి పూలగుత్తి పక్కన దాని కాలు ఆనేందుకు గట్టి కాడ ఉండాలి.

మన పెరళ్లలో తరచూ కనిపించేవి రెండు రకాలు. ఒకదాంట్లో మగదానికి గొంతు ఊదారంగు, పొట్ట పసుపు. రెండోదాంట్లో మగది జత కట్టే కాలంలో నిలువెల్లా నీలం, నలుపు కలిసి మెరుస్తుంది. ఆ కాలం పోయాక ఆ మెరుపు తగ్గి, గొంతు మీంచి పొట్ట దాకా ఒక నల్లచార మిగులుతుంది. బరువు పది గ్రాములకు అటూ ఇటూ. అరటి పువ్వు దొప్ప విచ్చుకున్నా, కొబ్బరి పూతకొచ్చినా ఇవి హాజరవుతాయి. ఆ తోటలు తీసేసి చెరువులు తవ్విన చోట, వాకిళ్లు సిమెంటు చేసేసిన చోట వాటికి మిగిలేది ఇంటి మొక్కలే.

ఏవి వేయాలి?

పిట్ట చూసేది రంగునీ ఆకారాన్నీ. ఎరుపు, నారింజ రంగుల్లో గొట్టంలా ఉండే పూలంటే దానికి ఇష్టం. సువాసనతో పెద్దగా పనిలేదు. రేకులు కిక్కిరిసిన ముద్దపూలు కంటికి ఇంపుగా ఉన్నా పిట్టకు తేనె అందదు.

రణపాల: ఆకు నేల మీద పడితే చాలు, అంచుల నుంచి పిల్లమొక్కలు వస్తాయి. జర్మన్ కవి గేథే ఈ వింతకు మురిసి ఆకుల్ని స్నేహితులకు పంపేవాడు. పుట్టిల్లు మడగాస్కర్. దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకుంటుంది. చలికాలం నుంచి గంటల్లాంటి పూలు గుత్తులుగా వేలాడతాయి. ఒక్క జాగ్రత్త... ఇది పశువులకు విషం. ఆస్ట్రేలియాలో ఈ కుటుంబానికి చెందిన మొక్కలు మేసి పశువులు చనిపోయిన సందర్భాలున్నాయి. పాడి ఉన్న ఇంట్లో కుండీలోనే పెంచాలి.

కలబంద: ఇసుక నేలను, కొద్దిపాటి ఉప్పదనాన్ని ఓర్చుకుంటుంది. రాజోలు తీరానికి సరిగ్గా సరిపోతుంది. నీడలో పెడితే ఆకులే తప్ప పూలు రావు. బాగా ఎండ తగిలేచోట ముదిరిన మొక్క నిలువెత్తు కాడ వేసి పసుపు పూలు పూస్తుంది.

రసెల్లియా: సరుగుడు ఆకుల్లాంటి సన్నని పచ్చని కాడలు, వాటి నిండా టపాకాయల్లాంటి ఎర్రని పూలు. మెక్సికో మొక్క. అక్కడ హమ్మింగ్ బర్డ్‌కు విందు, ఇక్కడ తేనెపిట్టకు! ఎండ ఉంటే దాదాపు ఏడాదంతా పూస్తుంది.

వీటికి తోడు రేకులు విప్పకుండా మొగ్గలాగే ఉండిపోయే ఎర్రమందారం, హమీలియా పొదలు ఒక్కొక్కటి ఉంటే పిట్ట వాలడానికీ, దాక్కోవడానికీ వీలవుతుంది. ఖాళీ స్థలాల్లో పెరిగే రణభేరి కూడా దీనికి ఇష్టమే. ముళ్లబంతుల్లాంటి గుత్తుల్లో నారింజ పూలు పూస్తుంది. కాకపోతే ఏడాదికే ఎండిపోయి గింజలతో మళ్లీ మొలుస్తుంది. బిళ్లగన్నేరు కూడా ఎండకు జంకదు కానీ ఆ పూలకు ఎక్కువగా వచ్చేది సీతాకోకచిలుకలే.

వీటిలో చాలావాటికి పక్కింటి కొమ్మో, పిలకో చాలు. లేదంటే జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి కడియం నర్సరీలకు వెళితే దొరుకుతాయి.

ఎండకు కాదు, వానకే భయం

ఎండకు ఓర్చే మొక్క కోనసీమలో ఎండకు చావదు, వానాకాలంలో వేరు కుళ్లి చస్తుంది. అందుకే చదును నేలలో నాటకూడదు. మూరెడు వెడల్పున జానెడు ఎత్తు మట్టిదిబ్బ చేసి, మట్టిలో మూడోవంతు ఇసుక, కాస్త మాగిన పశువుల ఎరువు కలిపి నాటాలి. కుండీ అయితే అడుగున రంధ్రం పూడకుండా చూడాలి. నాటడానికి తొలకరి కన్నా కార్తీకంలో వానలు వెనకపట్టాకే మేలు. వేసవి వచ్చేలోగా వేళ్లు లోతుకు దిగుతాయి. అప్పటిదాకా రెండు మూడు రోజులకోసారి తడిపితే, ఆపైన వారానికోసారి చాలు. రసెల్లియా, మందారాల మొదట్లో కొబ్బరి డొక్కలు బోర్లా పరిస్తే తేమ ఆరిపోదు. రణపాల, కలబందలకు ఆ అవసరం కూడా లేదు.

గూడు కనిపిస్తే...

వసారాలో వేలాడే తీగకో, మందారం కొమ్మకో చెత్త చిక్కుకున్నట్టు సంచిలాంటిది కనిపిస్తే పీకేయకండి. అది తేనెపిట్ట గూడు కావచ్చు. ఆడపిట్ట నారనీ ఎండుటాకులనీ సాలెగూటి దారాలతో కూర్చి, పక్కన గుమ్మం, దాని మీద చిన్న చూరు కూడా పెట్టి అల్లుతుంది. సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. రెండు వారాలకు పిల్లలొస్తాయి. వాటికి తేనె ఒక్కటే చాలదు. సాలీళ్లూ చిన్నచిన్న పురుగులూ కావాలి. పురుగుమందు కొట్టిన పెరట్లో పూలున్నా పిల్లలకు తిండి ఉండదు. ఆకులకు పేను పడితే నీళ్లు విసురుగా కొట్టి కడిగేస్తే సరి. పంచదార నీళ్లు పెట్టే శ్రమ కూడా అక్కర్లేదు. ఓ కొబ్బరి చిప్పలో నీళ్లుంచితే చాలు.

వేసవి చివర్లో పెట్టిన గూడైతే, కాలువలకు మళ్లీ నీళ్లు వదిలే నాటికి అది ఖాళీ అవుతుంది. గులాబీలు అప్పుడే తేరుకుంటుంటే... ఆ ఎండల్లో పుట్టి, మీ పెరటి తేనె తాగి పెరిగిన రెండు పిట్టలు పక్కింటి కొబ్బరిచెట్టు మీది నుంచి 'చివిక్'మంటుంటాయి!