మంచు పడిన నాడు నగర రైళ్లు

రైలు ఆగిపోవడానికి నిలువెత్తు మంచు కురియవలసిన పని లేదు. శీతల దేశాల చిత్రాలలో ఇంజను మంచుగుట్టలను చీల్చుకొని పోవడం చూచిన మనకు, రెండు మూడు అంగుళాల మంచుకే మహానగరంలో రైళ్లు నిలిచిపోయినవనే వార్త వింతగా తోస్తుంది. దూరప్రయాణపు రైలుకు ముందు నాగలి వంటి సాధనాన్ని అమర్చి దారి చేసుకోవచ్చును. నగరంలో తిరిగే విద్యుత్ రైలు సంగతి వేరు. అది రెండు మూడు నిమిషాలకొకసారి ఆగి, మరల కదలవలసినది. దానికి ఆహారం విద్యుత్తు. ఆ విద్యుత్తు అందే చోట పలుచని ఐసుపొర పేరుకొన్నా చాలును, కథ అడ్డం తిరుగుతుంది.

ఇందుకు లండన్ నగరపు దక్షిణ భాగమే మంచి ఉదాహరణ. మన హైదరాబాదు మెట్రోకు కరెంటు పైతీగనుండి వస్తుంది. దక్షిణ లండన్‌లో అట్లు కాదు. చక్రాలు నడిచే రెండు పట్టాలకు ప్రక్కగా, కొంచెము ఎత్తున, మూడవ పట్టా ఒకటి ఉంటుంది. అందులో 750 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తూ ఉంటుంది. బండి ప్రక్కన అమర్చిన ఇనుప పాదుక ఒకటి ఆ పట్టా పైభాగాన్ని రాచుకొంటూ పోయి కరెంటును అందుకొంటుంది. రైల్వేవారు దానిని షూ అనే పిలుస్తారు.

అక్కడ కూడ మొదట పైతీగలు లేకపోలేదు. 1909లో బ్రైటన్ రైల్వే కంపెనీ లండన్‌లో తన విద్యుత్ రైళ్లను తీగల క్రిందనే నడిపినది. పొరుగు కంపెనీ 1915లో మూడవ పట్టాను ఎంచుకొన్నది. 1923లో ఈ కంపెనీలు కలిసి సదరన్ రైల్వేగా ఏర్పడిన పిమ్మట, ఖర్చు తక్కువ అనే కారణంతో మూడవ పట్టానే ఖాయం చేసి, 1929 నాటికి తీగలను తొలగించివేసినారు. ఆనాడు మిగిల్చుకొన్న పౌనులకు ఈనాటి ప్రయాణికులు చలికాలపు సాయంకాలాలలో వడ్డీ చెల్లిస్తున్నారని నాకు అనిపిస్తుంది. తీగలకు మాత్రం మంచు పట్టదా అని అడిగే ఇంజనీర్లు ఉన్నారు. పడుతుంది; కాని నేలకు జానెడెత్తున ఉన్న పట్టాపై పేరుకొన్నట్లు పేరుకొనదు.

పట్టా మీద పడిన వాన పడినట్లే గడ్డకట్టే రోజులు కొన్ని ఉంటాయి. ఎండు మంచుకన్న ఇవే ప్రమాదకరమైనవి. ఐసు విద్యుత్తును ప్రసరింపనీయదు. పాదుక దానిపై జారిపోతూ, ఎక్కడో ఒకచోట ఉక్కును తాకుతుంది; అక్కడ నీలికాంతితో మెరుపు లేస్తుంది. పరుగులో ఉన్న బండి ఇటువంటి ఖాళీలను తన వేగంతోనే దాటిపోగలదు. ఎర్రదీపం ఎదుట ఆగిన బండికి ఆ వీలు లేదు. నిలిచిన బరువును కదిలించడానికే హెచ్చు కరెంటు కావాలి. సరిగా అప్పుడే అది అందదు.

2018 మార్చి 2వ తేదీ సాయంకాలం ఆగ్నేయ లండన్‌లోని లూయిషాం వద్ద ఇదే జరిగినది. ఉద్యోగస్థులు ఇండ్లకు మరలే వేళ. ఐసు కారణంగా కరెంటు అందక ఒక బండి కదలలేక నిలిచినది. దాని వెనుక మరొకటి, దాని వెనుక ఇంకొకటి, ఇట్లా ఇంచుమించు పది బండ్లు చిక్కుకొన్నవి. పెట్టెలు క్రిక్కిరిసి ఉన్నవి. గంటలు గడచినవి. చలి, ఆకలి, మరుగుకు పోవలసిన అవసరం — ఇవి ఎంతసేపు ఓర్చుకోగలిగినవి? కొందరు తలుపులు తెరచుకొని పట్టాలపైకి దిగినారు.

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. దిగిన వారి కాళ్ల ప్రక్కనే, చీకటిలో, మూడవ పట్టా ఉన్నది. దానిని తాకితే ప్రాణానికే ముప్పు. కనుక మనుష్యులు దిగినారని తెలిసిన మరుక్షణం అధికారులు విద్యుత్తును ఆపివేయక తప్పదు. ఆపితే, అంతవరకు కదలగల స్థితిలో ఉన్న బండ్లు కూడ నిలిచిపోతాయి. లోపలి వెచ్చదనం తగ్గుతుంది. ఓపిక నశించి మరికొందరు దిగుతారు. మరల కరెంటు ఇవ్వాలంటే పట్టాలపై ఒక్కరు కూడ లేరని తేల్చుకోవాలి. ఆ రాత్రి ఎవరి ప్రాణమూ పోకపోవడం అదృష్టమే. బ్రిటిష్ ప్రభుత్వపు రైలు ప్రమాద విచారణ శాఖ ఈ ఉదంతాన్ని పరిశీలించి నివేదిక ప్రకటించినది. దిగినవారిని మూర్ఖులని నిందించడం సులభం. అయితే గంటల తరబడి నిలబెట్టిన మనిషికి, ఇంకెంతసేపో, సహాయం ఎటునుండి వస్తున్నదో మాటిమాటికీ చెప్పడం కూడ రైలు నడపడంలో భాగమే గదా!

నివారణోపాయాలు లేకపోలేదు. రాత్రులు ప్రత్యేకపు బండ్లు తిరిగి పట్టాపై ఐసు పట్టనీయని ద్రవాన్ని చల్లుతాయి. ఎత్తు ఎక్కవలసిన చోట్ల పట్టాను వేడిచేసే ఏర్పాట్లు ఉన్నవి. ఒక్కొక్క రాత్రి ఖాళీ రైళ్లను అటూ ఇటూ నడిపి ఐసును గట్టిపడనీయరు. బెర్లిన్, మాస్కో నగరాలవారు తెలివిగా పాదుక పట్టా అడుగుభాగాన్ని తాకేటట్లు అమర్చి, పైన కప్పు వేసినారు. లండన్ ఇప్పుడు ఆ పద్ధతికి మారాలంటే పట్టాలను, బండ్లను అన్నిటినీ మార్చవలసి వస్తుంది.

కరెంటు అందినా మరొక గండం ఉన్నది: పాయింట్లు. బండిని ఒక దారినుండి మరొక దారికి మళ్లించే కదిలే పట్టాలివి. వీని సందులో మంచు ఇరికి గట్టిపడితే, కదిలే పట్టా నిలిచిన పట్టాకు పూర్తిగా అంటుకొనదు. అంటుకొన్నదని రూఢి అయ్యేవరకు సిగ్నలు ఎర్రగానే ఉంటుంది. క్షేమం కొరకు అట్లాగే ఏర్పరచినారు. చికాగోలో పాయింట్ల ప్రక్కన గ్యాసు మంటలు వెలిగిస్తారు. 2019 జనవరిలో తీవ్రమైన చలి వచ్చినప్పుడు ఆ చిత్రాలు చూచి పట్టాలు తగులబడుతున్నవని లోకమంతా భ్రమపడినది. మండేది గ్యాసు మాత్రమే, వెచ్చబడేది ఉక్కు.

మూడవది మోటార్ల బాధ. ఇందులో రేడియో ప్రసక్తి కూడ ఉన్నది. 1991 ఫిబ్రవరిలో బ్రిటిష్ రైల్వే అధికారి ఒకరు బి.బి.సి. రేడియోలో మాట్లాడుతూ, ఈసారి కురిసిన మంచు రకమే తమను ఇబ్బంది పెడుతున్నదన్నారు. అయితే ఇది తగని రకపు మంచు అన్నమాట, అన్నారు ప్రశ్నించినవారు. పత్రికలు ఆ మాటను అందుకొని నవ్వులపాలు చేసినవి. నేటికీ ఆ దేశంలో కుంటిసాకు చెప్పేవారిని ఆ మాటతోనే ఎత్తిపొడుస్తారు. కాని పాపం, ఆ అధికారి చెప్పినది నిజమే. ముగ్గుపిండి వలె మెత్తగా, పొడిగా ఉన్న మంచు, మోటార్లను చల్లార్చే గాలితోపాటు లోపలికి దూరి, కరగి నీరై, వానిని పాడుచేసినది. 2015లో బోస్టన్‌లో కూడ పాత మోటార్లు ఇట్లే చెడిపోయినవి. ఆ శీతకాలంలో అక్కడ 110.6 అంగుళాల మంచు కురిసినది; ఫిబ్రవరి 10న నగరపు రైళ్లన్నిటినీ నిలిపివేయవలసి వచ్చినది.

భూగర్భంలో పోయే రైళ్లకు ఈ బాధ ఎందుకని అడగవచ్చును. లండన్ భూగర్భ రైల్వే మార్గంలో సగానికి మించిన భాగం నేలపైననే ఉన్నది. న్యూయార్కులో 1888 మార్చి నాటి మంచుతుపానుకు, స్తంభాలపై నడిచే రైళ్లలో వేలాదిమంది చిక్కుకొన్నారు. నిచ్చెనలు వేసి, డబ్బు తీసుకొని వారిని దింపినవారున్నారట. దారిని నేలలోపలికి దింపాలన్న వాదానికి ఆ తుపాను బలమిచ్చినది. అక్కడి సొరంగపు రైలు 1904లో ప్రారంభమైనది.

నేడు న్యూయార్కు, న్యూజెర్సీ ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నవి. మంచు ఇంకా పడకముందే రైళ్లు తగ్గించినారని మనవారు ఫోనులో చెబితే ఆశ్చర్యపడనక్కరలేదు. రైళ్లు తగ్గితే పాయింట్లను కదిలించే పని తగ్గుతుంది. ఒకటి ఆగినా దాని వెనుక చిక్కుకొనేవి తక్కువ. న్యూయార్కులో ఆరుబయటి యార్డులలో నిలిపే బండ్లను ముందుగానే సొరంగాలలోకి తెచ్చి, ఎక్స్‌ప్రెస్ దారులపై వరుసగా నిలుపుతారు. అందువలన ఆ రాత్రి ఎక్స్‌ప్రెస్ రైళ్లు కూడ ప్రక్క దారిన ప్రతి స్టేషనులోను ఆగుతూ పోతాయి.