వార్తల్లో పదం: రెస్కో

రెన్యువబుల్ ఎనర్జీ సర్వీస్ కంపెనీకి పొట్టి పేరు. ఉదాహరణకు, గోదాము యజమాని పైకప్పు లీజుకిస్తాడు. సోలార్ ప్యానెళ్లు పెట్టేది ఈ కంపెనీ. కరెంటు కొనేది తరచూ కింద అద్దెకున్నవారు. పేచీలు కాగితాల దగ్గరే మొదలవుతాయి. కరెంటు ఒప్పందం 20, 25 ఏళ్లకు రాసుకుంటారు, గోదాము అద్దె అంతకాలం ఉండదు. అద్దెదారు ఖాళీ చేస్తే కరెంటు ఎవరు కొనాలి? కప్పు కారితే మరమ్మతు ఎవరిది? పైకప్పు లీజు ఏడాదికి మించితే 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాల్సిందే, నోటరీతో సరిపెడితే కుదరదు. గోదాము తాకట్టులో ఉంటే ముందు బ్యాంకు సమ్మతి తీసుకోవడం మేలు. ఇక నెట్ మీటరింగ్, అంటే గ్రిడ్‌కు పంపిన సోలార్ కరెంటును బిల్లులో తగ్గించుకోవడం: 2021లో సవరించిన కేంద్ర నిబంధనల్లో పరిమితి 500 కిలోవాట్లు లేదా మంజూరైన లోడు, ఏది తక్కువైతే అది. గోదాముకు కప్పు ఎకరాల్లో ఉన్నా, లోడు మాత్రం లైట్లకూ ఫ్యాన్లకూ సరిపడేంతే!