పొడుగు ఇంగ్లీషు మాటల్లో ఊనిక ఎక్కడ?

కాన్ఫరెన్స్ కాల్స్‌లో మనవాళ్ళకి తరచూ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. వ్యాకరణం బాగానే ఉంటుంది, వాడిన మాటా సరైనదే. అయినా అవతలివాళ్ళు మళ్ళీ చెప్పమంటారు. మనం అదే మాట ఇంకాస్త గట్టిగా చెబుతాం, లాభం ఉండదు. చాలాసార్లు చిక్కు ఉన్నది గొంతులో కాదు, ఊనికలో, అంటే స్ట్రెస్‌లో.

తెలుగులో ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు పూర్తిగా పలుకుతాం. ఇంగ్లీషులో అలా కాదు. పొడుగు మాటలో ఒక సిలబుల్‌కి పెద్దపీట వేసి, మిగతావాటిని చాలావరకు నలిపేస్తారు. వినేవాళ్ళకి ఆ పెద్దపీటే ఆనవాలు.

దాన్ని పట్టుకోవడం ఎలా? ముందు మాటని ముక్కలు చేద్దాం. స్పెల్లింగ్‌లో కనిపించే అచ్చుల్ని కాదు, నోటితో పలికే అచ్చుల్ని లెక్కపెట్టండి. ఎన్ని అచ్చులో అన్ని సిలబుల్స్. 'టెక్నాలజీ'కి నాలుగు: టెక్-నా-ల-జీ.

ఇప్పుడు మాట తోక చూడండి. చివర 'షన్' గానీ 'ఇక్' గానీ ఉంటే, ఊనిక దాని ముందు సిలబుల్ మీద పడుతుంది: కమ్యూనికేషన్‌లో 'కే', ఎలక్ట్రానిక్‌లో 'ట్రా'. చివర 'లజీ', 'గ్రఫీ', 'ఇటీ' ఉంటే వెనకనుంచి మూడోదాని మీద: టెక్నాలజీలో 'నా', ఎలక్ట్రిసిటీలో 'ట్రి'. 'మెంట్' మాత్రం ఊనికని కదపదు. 'డెవలప్'లో రెండోది, 'డెవలప్‌మెంట్'లోనూ రెండోదే. మనలో చాలామంది మొదటిదాన్ని నొక్కుతాం. 'అరబిక్' లాంటి మినహాయింపులూ ఉన్నాయి, అందులో ఊనిక మొదటిదాని మీదే.

ఒకే కుటుంబంలోని మాటల్లో కూడా ఊనిక జరుగుతుంది. ఫొటోగ్రాఫ్‌లో మొదటిది, ఫొటోగ్రఫీలో రెండోది, ఫొటోగ్రాఫిక్‌లో మూడోది. ఊనికతోబాటు అచ్చూ మారుతుంది. అందుకే అమెరికన్ల నోట 'ఫొటోగ్రఫీ' దాదాపు 'ఫటాగ్రఫీ' అని వినిపిస్తుంది.

అనుమానం వస్తే కార్నెగీ మెలన్ యూనివర్సిటీవారి ఉచ్చారణ నిఘంటువు చూడండి. ఉచితమే. 1,34,000కి పైగా మాటలున్నాయి. కంప్యూటర్ చదువుకునేలా ప్రతి అచ్చు పక్కనా ఒక అంకె వేశారు: ప్రధాన ఊనికకి 1, దానికన్నా తక్కువదానికి 2, ఊనిక లేకపోతే 0. ఫొటోగ్రఫీకి 0-1-0-0, ఫొటోగ్రాఫ్‌కి 1-0-2. ఇది ఉత్తర అమెరికా ఉచ్చారణ అని గుర్తుంచుకోండి. 'లాబరేటరీ'లో అమెరికన్లు మొదటిదాన్ని నొక్కితే, బ్రిటన్‌లో రెండోదాన్ని నొక్కుతారు.

యాస మార్చుకోనక్కర్లేదు. మీ ఉద్యోగంలో రోజూ వాడే పొడుగు మాటలు ఓ పది రాసుకుని, ఒక్కోదానిలో '1' ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటే చాలు. తేడా తరువాతి కాల్‌లో మీకే తెలుస్తుంది.